వాన పడ్డ రాత్రి తూము ఎవరు మూయాలి?

2023 మార్చి. ఉగాది ఇంకా నాలుగైదు రోజులుందనగా ఒక రాత్రి మా ఊళ్ళో వాన పడింది. ముందు గాలి, తర్వాత ఉరుములు, మధ్యలో కాసేపు వడగళ్ళు. చెరువు తూము తెరిచే ఉంది. ఆ రోజు వంతు నడిమి కాలువది. నా రెండున్నర ఎకరాల వరి ఆ కాలువ కిందే ఉంది.

పదకొండు దాటాక, తూము చూసుకుంటూ మడులకు నీళ్ళు పారించే నీరటి ఫోన్ చేశాడు. "తమ్మీ, వాన జోరుగున్నది. తూము దించాల్నా?"

"దించకు కాకా. దించితే మా వంతు పోతది" అన్నాను.

నడిమి కాలువ వాళ్ళు ఇంకో ముగ్గురు కూడా అదే మాట చెప్పారని తెల్లారి తెలిసింది. వానలో తడుస్తున్న మడికి మళ్ళీ చెరువు నీళ్ళు పెట్టించిన ఘనులం మేం నలుగురం. పొద్దున వెళ్ళి చూస్తే ఒడ్లు తెగి నీళ్ళు వాగులోకి పోతున్నాయి. ముందురోజు చల్లిన యూరియా కూడా వాటితోనే పోయింది. గాలికి వాలిన వరి మెత్తబడ్డ మట్టిలో ఇంకా వాలింది. అంటే నాకైనా లాభం జరగలేదు.

మాది వరంగల్ వైపు చిన్న చెరువు. కాగితం మీద ఆయకట్టు 140 ఎకరాలు. వానకాలంలో చెరువు నిండి మత్తడి పడితే అంతా పారుతుంది. యాసంగిలో మాత్రం అంతా పారిన ఏడాది నాకు గుర్తులేదు. అందుకే తైబందీ చేస్తారు. రామప్ప, లక్నవరం, పాకాల లాంటి పెద్ద చెరువుల కింద అధికారులు, రైతులు కూర్చుని, ఉన్న నీళ్ళు చూసి, ఈ యాసంగికి ఇన్ని ఎకరాలని ఖరారు చేస్తారు. పేపర్లో కూడా వస్తుంది. మా చెరువుకు అంత హంగామా లేదు. కట్ట మీద వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చుంటారు, తూము రాయి మీద నీటి గుర్తు చూస్తారు, ఒక నోట్‌బుక్కులో రాస్తారు. ఆ ఏడాది 60 ఎకరాలని రాశారు. మొదటి కాలువ, నడిమి కాలువ, చివరి కాలువ. ఒక్కోదానికి రెండు రోజులు, ఆరు రోజులకు ఒక చుట్టు. మొత్తం 27 మందిమి.

ఈ లెక్క వెనక ఎవరూ పైకి అనని నమ్మకం ఒకటుంది. సంక్రాంతి దాటాక మృగశిర దాకా ఎండ ఎండలాగే ఉంటుందని. ఎండాకాలం కఠినమైనదే గానీ మాట తప్పేది కాదని. మా తాతల కాలంలో అకాల వానలు లేవని కాదు. మామిడి పిందెలు రాలగొట్టే గాలివాన వాళ్ళకూ తెలుసు. కానీ ఈ మధ్య వరస చూడండి. 2023 మార్చిలో వడగళ్ళు. అప్పుడే ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. 2024లో మార్చి, ఏప్రిల్ నెలల్లో నీళ్ళు లేక యాసంగి వరి ఎండితే, మేలో కల్లంలో ఉన్న వడ్లు వానకు తడిసి మొలకలొచ్చాయి. 2025లో నైరుతి మే 24నే కేరళను తాకింది, 2009 తర్వాత అంత తొందరగా ఎప్పుడూ రాలేదు. రోళ్ళు పగలాల్సిన రోహిణి కార్తె మొదలైన మర్నాడే తెలంగాణలో అడుగుపెట్టింది. టీవీలో 'విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి' అన్న మాట వినని ఎండాకాలం లేదిప్పుడు. మా పిల్లలకు విదర్భ ఎక్కడుందో తెలియదు గానీ ద్రోణి తెలుసు.

ఇలాంటి ఎండాకాలంలో నీటి గొడవ నీళ్ళు లేని రోజున పుడుతుందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. గొడవ ఆ రోజున బయటపడుతుంది. పుట్టేది మాత్రం అంతకు మూడు వారాల ముందు, వాన పడి అందరూ సంతోషంగా ఉన్న రాత్రి. ఆ రాత్రి తూము తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదాని మీదే ఏప్రిల్ మొదటి వారం ఎలా ఉంటుందో తేలిపోతుంది.

లెక్క చెబుతాను, పెద్ద కష్టమేం కాదు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. 25 మిల్లీమీటర్లు, అంటే మన పాత అంగుళం వాన, 60 ఎకరాల మీద పడితే సుమారు 60 లక్షల లీటర్లు. ఎండాకాలం వరిమడి రోజుకు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. కొంత మొక్క తాగేది, కొంత ఆవిరి, కొంత కిందికి ఇంకేది. అంటే ఆ ఒక్క వాన మూడు రోజుల నీళ్ళు మోసుకొచ్చింది. ఆ మూడు రోజులు తూము మూసి ఉంటే మా ఆరు రోజుల చుట్టులో సగం మిగిలేది. మేం ఆ సగాన్ని వాగులో పోశాం.

ఏప్రిల్ మొదటి వారానికి నీళ్ళు తూము మట్టానికి దిగిపోయాయి. చివరి కాలువకు ఇంకా రెండు తడులు కావాలి. ఇక్కడ ఒక విషయం బయటివాళ్ళకు అర్థం కాదు. చివరి కాలువ వాళ్ళకు నష్టం నీళ్ళు చివర అందడం వల్ల మాత్రమే కాదు. నారుమడికి నీళ్ళు ఆలస్యంగా అందుతాయి, దున్నకానికి ఆలస్యంగా అందుతాయి, దాంతో నాట్లే పదిహేను రోజులు వెనక పడతాయి. చెరువు ఖాళీ అయ్యేనాటికి మొదటి కాలువ వరి గింజ గట్టిపడి నీళ్ళు తీసేసే దశలో ఉంటుంది. చివరి కాలువ వరి పాలు పోసుకుంటూ ఉంటుంది. ఒక్క తడి తప్పినా గింజ తాలు పోయేది సరిగ్గా అప్పుడే.

చివరి కాలువ కింది 18 ఎకరాల్లో ఏడు ఎకరాలు అలా పోయాయి. నాకు అత్త వరసయ్యే ఒకామె తన ఎకరన్నర కోసి పశువులకు వేసింది. నేను ఏదో పరామర్శ అన్నట్టు ఒడ్డు మీద నిలబడితే, కొడవలి ఆపకుండానే అన్నది: "మీ వంతు నీళ్ళు వాగు తాగింది కొడుకా."

ఇంత జరిగాక మా ఊళ్ళో చెప్పుకున్న కారణం ఒక్కటే. నడిమి కాలువోళ్ళకు ఆశ ఎక్కువ. నన్ను నేను వెనకేసుకు రావడం కాదు గానీ, ఆ మాట తప్పని నాకు అనిపిస్తుంది. మడి నిండా నీళ్ళున్నప్పుడు ఇంకా నీళ్ళు కావాలనుకునే ఆశ ఏ రైతుకూ ఉండదు. నాకా రాత్రి నీళ్ళు అక్కర్లేదు. నాకు కావాల్సింది వంతు. మా నోట్‌బుక్కు పద్ధతిలో వంతు అంటే తేదీ. 17, 18 తేదీలు నావి. 17 రాత్రి తూము దించితే 18 వచ్చి పోతుంది, 19న నీళ్ళు చివరి కాలువకు వెళ్తాయి, నాకు మళ్ళీ 23న. మధ్యలో ఎండ ముదిరితే నన్ను అడిగేవాడు లేడు. వదులుకున్న వంతును తర్వాత తిరిగిచ్చే రూల్ లేనప్పుడు, తెలివైనవాడు వానలో కూడా తూము తెరిచే ఉంచుతాడు. మా పద్ధతి మా చేత ఆ పని చేయించింది. అలాగని నా తప్పు లేదనను. రూల్ చెడ్డదని ఆ రాత్రి కూడా నాకు తెలుసు.

ఈ తేదీల పద్ధతి మా పెద్దల సొంతం కూడా కాదేమో. పెద్ద కాలువల వారబందీ చూసి నేర్చుకున్నట్టుంది. పంజాబ్, హర్యానా కాలువల మీద వారానికి 168 గంటల్ని భూమిని బట్టి పంచి, ఎవరి గంట వాళ్ళకు రాసిపెడతారు. మన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ కింద కూడా ఇన్ని రోజులు నీళ్ళు, ఇన్ని రోజులు బంద్ అని వారబందీ పెడతారు. అక్కడ అది సబబే. వందల కిలోమీటర్ల కాలువ అది. పైన గేటు దించితే కింద చివరి మడికి ఆ సంగతి తెలియడానికి రోజులు పడుతుంది. ఒక ఊళ్ళో వాన పడిందని ఆ కాలువను ఆపలేరు. కానీ మా తూము నా ఇంటి నుంచి పది నిమిషాల నడక. చక్రం తిప్పితే షట్టర్ దిగుతుంది. చెరువుకున్న గొప్ప సుఖమే అది. పెద్ద ప్రాజెక్టు వాతావరణాన్ని బట్టి నడవలేదు, చెరువు నడవగలదు. ఆ ఒక్క సుఖాన్ని మేం తేదీల పట్టీ రాసుకుని పోగొట్టుకున్నాం.

అంతకుముందు ఎలా నడిచేది? నీరటి నడిపేవాడు. మడి చూసేవాడు, తేదీ కాదు. పార భుజాన వేసుకుని ఒడ్ల మీద తిరిగి, ఎవరి మడిలో నెర్రె పడుతోంది, ఎవరి మడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి చూసి, ఇటు కట్టి అటు విప్పేవాడు. పంట చేతికొచ్చాక కల్లం దగ్గర అతనికి కొలిచేవారు. పాత పద్ధతే మంచిదని ఇక్కడ కన్నీళ్ళు పెట్టుకోవడం తేలిక. నేను పెట్టుకోను. ఎక్కువ ఊళ్ళలో నీరటి పని దళిత కుటుంబాలది. అతని మాటను అందరూ నమ్మడానికి ఒక కారణం, ఆ చెరువు కింద అతనికి సెంటు భూమి లేకపోవడం. తన మడి లేదు కాబట్టి పక్షపాతం లేదు! ఒకడికి భూమి దక్కనివ్వని ఊరే అతన్ని న్యాయమూర్తిని చేసింది. ఆ ఏర్పాటు తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ ఆ పనిలో ఒక తెలివి ఉంది. నీళ్ళు పంచేవాడు మడిని చూసి పంచాలి, తూము మీద చెయ్యి వేసే అధికారం అతనికుండాలి. పని మనిషికి వదిలేసి అధికారం పట్టీకి ఇచ్చాం. ఆ వాన పడ్డ కొన్ని నెలలకు, 2023లోనే, వీఆర్‌ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) వ్యవస్థ రద్దయింది, అందులో ఉన్న నీరటి ఉద్యోగాలూ వేరే శాఖల్లోకి పోయాయి. మా నీరటికి మాత్రం అంతకుముందు నుంచే మేమే చందా వేసుకుని ఇస్తున్నాం. అందుకే ఆ రాత్రి అతను తూము దించలేదు, ఫోన్ చేసి అడిగాడు. జీతం ఇచ్చేవాడు వద్దంటే ఏం చేస్తాడు?

చట్టం లేదా అంటే ఉంది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల చేతికే సాగునీటి నిర్వహణ ఇస్తూ చట్టం చేశారు. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టారు. 2015లో మిషన్ కాకతీయ మొదలై తూములు బాగయ్యాయి, పూడిక తీశారు, మా కట్టకు కూడా మట్టి పడింది. మా షట్టర్ ఇప్పుడు పిల్లవాడు తిప్పినా తిరుగుతుంది. కానీ ఎప్పుడు తిప్పాలో చట్టంలోనూ ఉండదు, షట్టర్ మీదా రాసి ఉండదు.

కిందటేడు తైబందీ రోజు నేను లేచి ఒక మాట అడిగాను. వాన పడితే వంతు పోకూడదు, ఆగాలి. అంతే. తూము దించిన క్షణం నుంచి గడియారం ఆగుతుంది. మళ్ళీ మడులు ఆరి తూము ఎత్తిన రోజు, ఆగినచోటి నుంచి మొదలవుతుంది. నాకు రోజున్నర మిగిలి ఉంటే ఆ రోజున్నర నాకే. ఈ ఒక్క హామీ ఉంటే వానలో తూము తెరిచి ఉంచాలనే పిచ్చి ఎవరికీ పుట్టదు. దాంతోపాటు రెండో మాట: దించే అధికారం నీరటిది, ఎవరినీ అడగక్కర్లేదు. ఎత్తడానికి మాత్రం మూడు కాలువల నుంచి ఒక్కొక్కరు ఉండాలి. మూయడం సులువుగా, తెరవడం కష్టంగా ఉండాలన్నమాట. ఇన్నాళ్ళూ మాకు దానికి తలకిందులుగా ఉండేది.

అభ్యంతరాలు బాగానే వచ్చాయి. ఒక పెద్దాయన అన్నాడు, "మూసిపెట్టినా ఎండకు ఆవిరై పోయేవే కదా, మడిలో ఉంటే మనవన్నా అవుతాయి." వినడానికి నిజంలా ఉంటుంది. ఏప్రిల్ ఎండకు చెరువు రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు పోగొట్టుకుంటుంది కూడా. కానీ ఎండ తాగేది నీటి వెడల్పును బట్టి, లోతును బట్టి కాదు. అప్పటికి మా చెరువులో నీళ్ళు 40 ఎకరాల్లో పరుచుకుని ఉంటాయి. మిగిల్చిన 60 లక్షల లీటర్లు ఆ 40 ఎకరాల్లో నిలబడితే మట్టం అంగుళంన్నర పెరుగుతుంది, అంతే. వెడల్పు పెద్దగా మారదు. ఎండ ఎలాగూ తన వాటా తాగుతుంది, మనం పొదుపు చేసిన వాటా అడుగున ఉంటుంది. పెద్దాయన ఒప్పుకోలేదు గానీ మళ్ళీ అనలేదు.

ఇంకొకరు అన్నది నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఎండాకాలం వాన ఊరంతా ఒకేలా పడదు. మొదటి కాలువ మీద కుండపోత, చివరి కాలువ మీద నాలుగు చినుకులు. అప్పుడు తూము దించితే చివరివాళ్ళ సంగతేంటి? మండలంలో ప్రభుత్వ వాతావరణ కేంద్రం చెప్పే లెక్క కూడా మా ఊరికి పనికిరాదు. ఆ కేంద్రం మీద పడ్డ మబ్బు మా మీదికి రావాలని లేదు. దానికి నా జవాబు స్టీలు డబ్బా. నిలువు గోడలున్న డబ్బా ఏదైనా సరే, మూత లేకుండా, చెట్టూ గోడా దగ్గర లేని చోట పెట్టి, వాన ఆగాక లోపల స్కేలు పెట్టి చూస్తే మిల్లీమీటర్లు తెలిసిపోతాయి. అందరూ నవ్వారు. నవ్వేవాళ్ళకు నేను అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో జరిగింది చెప్పాను. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే నోరు తిరగని పేరున్న ప్రాజెక్టు అది. అక్కడి రైతులు వానను తామే కొలిచారు, బోర్లలో నీటి మట్టం తామే కొలిచారు, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకుని ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. బడికి వెళ్ళని ఆడవాళ్ళు కూడా కొలిచి రాశారు. మనకు ఒక డబ్బా చూడటం చేతకాదా?

మూడు కాలువలకు మూడు డబ్బాలు పెట్టాం. 10 మిల్లీమీటర్లు దాటిన కాలువకు తూము బంద్, దాటని కాలువకు ఆ నీళ్ళు. ముందు చివరి కాలువకు.

బోర్ల మాటే తేలలేదు. మా ఆయకట్టులో 11 బోర్లున్నాయి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు. బోరున్నవాడికి చెరువు వంతూ ఉంది, బోరూ ఉంది. ఆటోస్టార్టర్ పెట్టుకున్నవాళ్ళ మోటారు వానలో కూడా తనంతట తాను నడుస్తుంది. తీసేయమని ప్రభుత్వం అప్పట్లోనే చెప్పినా మా ఊళ్ళో తీసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బోరు నీళ్ళు తన సొంతమని వాళ్ళ వాదన. చెరువు ఎండిన రెండు మూడు వారాలకు ఆ బోర్లూ గాలి కొడతాయని వాళ్ళకూ తెలుసు. చెరువు నీళ్ళే కింది నుంచి తోడుతున్నారు. వాన తర్వాత తూము ఎత్తినప్పుడు బోరున్నవాళ్ళు తమ కాలువలో ఆఖరున తీసుకోవాలన్నాను. ఆ మాటకు ఒక్క చెయ్యి లేవలేదు. చెయ్యి ఎత్తాల్సినవాళ్ళకే బోర్లుంటే ఎలా లేస్తుంది?

అసలు యాసంగిలో వరి ఎందుకు, ఆరుతడి పంటలు వేసుకోరాదా అని పట్నంలో ఉన్న మిత్రులు అడుగుతారు. 2021-22 యాసంగిలో వరి వద్దని ప్రభుత్వమే చెప్పింది. ఎండకు గింజ పగిలి నూక ఎక్కువవుతుందని మన దగ్గర ఉప్పుడు బియ్యం చేస్తారు, అవి కొనేది లేదని కేంద్రం అనడంతో వచ్చిన తంటా అది. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ చెరువు కింద మడిలో ఒక్కడే మక్క వేయలేడు. పక్కవాడి వరి ఊట వీడి చేను వేళ్ళు కుళ్ళబెడుతుంది. మారితే కాలువ మొత్తం మారాలి. అది వేరే కథ, ఇంకోసారి.

కిందటి ఏప్రిల్‌లో మా కొత్త పద్ధతికి మొదటి పరీక్ష వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మబ్బు కమ్మింది, అరగంట దంచింది, ఆగింది. వంతు మళ్ళీ నడిమి కాలువదే. మొదటి కాలువ డబ్బాలో 14. చివరి కాలువ డబ్బాలో 6. మా కాలువ డబ్బా దగ్గర నలుగురం చేరి, సెల్‌ఫోన్ లైటు వేసి, మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టాం. 9.

తొమ్మిదే కాబట్టి మా నీళ్ళు మాకు రావాలని ఒకడు. డబ్బాలోంచి నీళ్ళు చిందాయి, పది దాటే ఉంటుందని చివరి కాలువ తరఫున వచ్చిన మా అత్త కొడుకు. స్కేలు మొదట్లో గీతకు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, దాన్నీ కలపాలని ఇంకొకడు. ఆ మాటా నిజమే. పదకొండున్నర దాకా వాదించుకున్నాం. ఆఖరికి తేల్చమని నీరటికి ఫోన్ చేశాను.

"నేను ఎప్పుడో దించిన తమ్మీ" అన్నాడు. "పొద్దుగాల మడి చూసి మాట్లాడుకుందాం, పండుకోండి."